హాల్లోకొచ్చిన మలావీ

“ఆగుండ్రి, ఆగుండ్రి! కుడిదిక్కు దర్వాజ తగుల్తది.”

మనం హైదరాబాదు నాచారంలో, మా అక్కవాళ్ల వరండాలో ఉన్నాం. ఫిబ్రవరి ఆదివారం, ఎండ ఇంకా ముదరలేదు. ట్రాలీ ఆటో గేటుకు అడ్డంగా ఆగి ఉంది. ఆరుగురు మనుషులు చేపల కోసం చేయించిన ఒక ఖాళీ గాజుతొట్టిని మోస్తూ గుమ్మం ముందు బిగుసుకుపోయారు. పొడవు 6 అడుగులు, వెడల్పు 2, ఎత్తు 2. గాజు మందం 12 మిల్లీమీటర్లు. ఖాళీదే 120 కిలోలు దాటుతుంది. ఒక మూల మీరూ పట్టండి. అంచు పట్టుకుని పైకి లాగకండి, అరచెయ్యి అడుగున ఆనించండి. బరువంతా సిలికాన్ అతుకు మీద పడితే ఇప్పుడేం కాదు, నీళ్లు పోసిన తర్వాత ఏ అర్ధరాత్రో తెలుస్తుంది.

తొట్టి చేసిన మేస్త్రీ పాతబస్తీ మనిషి. 10 మిల్లీమీటర్ల గాజు చాలంటాడు, పైన పట్టీలు వేశాడు గనక. బావ ఒప్పుకోలేదు. గాజు మీద నీళ్ల ఒత్తిడి తొట్టి పొడవుని బట్టి రాదు, నీటి లోతుని బట్టి వస్తుంది. రెండడుగుల లోతు నీళ్లు ఈ ముందు గాజుని లోపలి నుంచి మూడు క్వింటాళ్లకు పైబడిన బలంతో నెడుతుంటాయి, రాత్రీ పగలూ, విరామం లేకుండా. ఆ లెక్క కాగితం మీద వేసి చూపించాక మేస్త్రీ తల గోక్కుని, “మీ ఇష్టం సార్, పైసలు మీయి” అన్నాడట.

దాటింది. చౌకట్టుకూ గాజుకూ మధ్య వేలు దూరేంత సందు. లోపలికి రండి.

హాలుకూ పడకగదికీ మధ్య గోడ వారగా ఇనుప స్టాండు ముందే నిలబెట్టి ఉంది. కింద నేల, పైన ఇల్లు. అక్కావాళ్లు ఉండేది పై అంతస్తులోనే అయినా, అద్దెవాళ్లు ఖాళీ చేసేదాకా ఆగి మరీ బావ కింది హాలు ఎంచుకున్నాడు. ఎందుకో చూడండి. తొట్టి నిండితే 680 లీటర్లు, అంటే 680 కిలోలు. దానికి గాజు, ఇసుక, రాళ్లు, స్టాండు కలిపితే టన్నుకు అటూఇటూ. ఆ టన్ను ఆగేది 12 చదరపు అడుగుల మీద. చదరపు అడుగుకు 80 కిలోల పైమాటే. మన ఇళ్ల శ్లాబులకు లెక్కలో తీసుకునే బరువు చదరపు మీటరుకు 200 కిలోలు, అడుగుల్లో చెప్పుకుంటే 19కి దగ్గర. శ్లాబు వెంటనే కూలిపోతుందని కాదు, ఆ లెక్క గది మొత్తానికి వేసింది. అయినా మేడమీద పెట్టాలంటే దూలం ఎటు పోతోందో తెలుసుకుని, దానికి అడ్డంగా, గోడ వారగా పెట్టాలి. ఇంజనీరుని అడిగితే ఇంకా మంచిది. ఫ్లాట్లలో నాలుగో అంతస్తు కిటికీ పక్కన, శ్లాబు నట్టనడుమ ఇంత తొట్టెలు పెట్టుకున్నవాళ్లని నేను చూశాను. వాళ్ల ధైర్యం వాళ్లది.

స్టాండు మీద ప్లైవుడ్ పలక, దాని మీద థర్మోకోల్ షీటు. బావ రసమట్టం పెట్టి చూస్తున్నాడు. ఎడమ వెనక మూల కొంచెం కిందికి ఉంది. స్టాండు కాలి కింద సన్నటి రేకుముక్క దూరుతుంది. మళ్లీ చూస్తాడు. ఇంకొక ముక్క. ఈ పనికి విసుక్కోకూడదు. తొట్టి వాలుగా ఉంటే నీళ్లు పోసిన మరుక్షణం ఆ వాలు అందరికీ కనిపిస్తుంది. కనిపించని సంగతి ఏమిటంటే ఒక అతుకు మిగతావాటి కంటే ఎక్కువ భారం మోస్తుంటుంది.

తొట్టి కూర్చుంది. మేస్త్రీ అడుగంచు చుట్టూ పాత పేపర్లు పరిచాడు. బోరు మోటరు వేశారు, పైపు పెట్టారు. నీళ్లు నిండుతున్న కొద్దీ గది చప్పుడు మారుతోంది. మొదట గాజు మీద పడే చటచట, తర్వాత లోతైన గుడగుడ. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంచుతారు. పేపరు ఎక్కడ తడిస్తే అక్కడ లీకు. తడవకపోతే మేస్త్రీ మిగతా డబ్బు తీసుకుపోతాడు.

ఈలోగా పెరట్లోకి రండి. అసలు పని అక్కడ ఉంది.

జామచెట్టు కింద రెండు కుప్పలు. ఒకటి గ్రానైటు గుండ్లు, ఘట్‌కేసర్ వైపు ఎవరో ప్లాటు చదును చేస్తుంటే అడిగి తెచ్చినవి. పగలగొట్టిన కొత్త ముక్కలు కాదు, వానకూ ఎండకూ అరిగి అంచులు పోయినవి. రెండోది కడప బండల ముక్కలు, వంటింటి అరలు మార్చినప్పుడు మిగిలినవి.

“ఇంట్లకు గిన్ని రాళ్లెందుకు, మనకు వాస్తు చాలలేదా?” అంటోంది అక్క, టీ గ్లాసులు పట్టుకుని.

ఆ మాటకు జవాబు ఆఫ్రికాలో ఉంది. మలావీ సరస్సు మూడు దేశాల మధ్య ఉత్తర దక్షిణాలుగా 580 కిలోమీటర్లు సాగిన నీటిపాయ, లోతైన చోట 700 మీటర్లు. డేవిడ్ లివింగ్‌స్టన్ 1859లో ఆ ఒడ్డుకు చేరాడు. కానీ అందులో ఏముందో ప్రపంచానికి తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది. వందల రకాల సిక్లిడ్ చేపలు. దాదాపు అన్నీ ఆ ఒక్క సరస్సులో తప్ప భూమ్మీద మరెక్కడా ఉండవు. వాటిలో రాళ్ల సందుల్లో బతికే వర్గాన్ని అక్కడివాళ్లు ఎంబూనా అంటారు. బావ పెంచబోయేది వాటినే. 1950లలో జెఫ్రీ ఫ్రయర్ అనే జీవశాస్త్రవేత్త ఆ రాతి ఒడ్లలో ఏ చేప ఎక్కడ ఏం తింటుందో పట్టుగా గమనించాడు. ఒకే రాయి మీద నాచుని ఒకటి గీకుతుంది, ఇంకొకటి దువ్వుతుంది, మరొకటి ఆ నాచులోని పురుగుని ఏరుకుంటుంది. మధ్యలో ఇసుక మైదానం వస్తే చాలా చేపలు దాన్ని దాటవు. అందుకే ఈ రాతిగుట్ట మీది చేపకు ఒక రంగు, ఆ గుట్ట మీది చేపకు ఇంకో రంగు.

సరస్సు దక్షిణపు కొనన ఉన్న జాతీయ వనాన్ని యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి ఫొటోలు చూడండి: గ్రానైటు గుట్టలు, గుండ్రటి గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ నీళ్లలోకి దిగిపోతాయి. హైదరాబాదులో పుట్టి పెరిగిన వాళ్లకు ఆ గుండ్లని పరిచయం చెయ్యక్కర్లేదు. జూబ్లీహిల్స్‌లో మనం పగలగొట్టి పారేసినవి అవే.

బ్రష్ తీసుకోండి. సబ్బు వద్దు, ఉత్త నీళ్లతో రుద్దాలి. తుప్పురంగు చారలున్న రాళ్లు పక్కన పడెయ్యండి, ఏ లోహముందో తెలియదు. గ్రానైటు నీటికి ఏమీ ఇవ్వదు, ఏమీ తీసుకోదు. కడప బండ అలా కాదు, అది సున్నపురాయి. నిమ్మరసం ఒలికితే వంటింటి బండ మీద మచ్చ పడుతుంది చూశారా, ఆ గుణమే ఇక్కడ పనికొస్తుంది. నీళ్లు పులుపు వైపు జారబోతే రాయి కాస్త కరిగి ఆపుతుంది. క్షారం వైపు ఉంటే దానికి పని లేదు, ఊరికే ఉంటుంది. అమెజాన్ చేపలు పెంచేవాళ్లు ఈ రాయిని తొట్టి దరిదాపుల్లోకి రానివ్వరు. మనకు మాత్రం చుట్టం.

రెండు రోజులయ్యాయి. లీకు లేదు. పేపర్లు పొడిగా ఉన్నాయి, నీళ్లు తోడేశారు. ఇప్పుడు రాళ్లు. ముందు రాళ్లు, తర్వాతే ఇసుక. ఈ వరస తప్పితే మొత్తం తప్పినట్టే. ఎంబూనా ఇసుకని నోటితో ఎత్తి పోస్తూ తవ్వుతాయి. ఇసుక మీద రాయి పెడితే కొన్నాళ్లకు దాని కింద గుంత పడుతుంది, రాయి దొర్లుతుంది, 12 మిల్లీమీటర్ల గాజు అయినా ఏం చేస్తుంది? అందుకని అడుగు గాజు మీద ప్లాస్టిక్ జాలీ పలక పరిచి, పెద్ద గుండ్లని నేరుగా దాని మీద కూర్చోబెడతారు.

బావ చొక్కా విప్పి తొట్టిలోకి దిగాడు. మీరు అందిస్తూ ఉండండి. ప్రతి రాయి కనీసం మూడు చోట్ల ఆనాలి. పెట్టాక అరచేత్తో నెట్టి చూస్తాడు; కదిలితే తీసేసి తిప్పి పెడతాడు. గుండ్ల మధ్య కడప ముక్కలని అడ్డంగా పేర్చి అరలు చేస్తున్నాడు. ప్రతి గుహకీ రెండు ద్వారాలు ఉండాలని అతని పట్టు. ఒక్కటే నోరున్న గుహలోకి తరిమిన చేప పారిపోయి దాక్కున్నట్టు కాదు, చిక్కినట్టు. ఎడమ వైపు పెద్ద గుట్ట, కుడి వైపు ఇంకోటి, నడుమ చిన్నదొకటి. ఈ చివరి నుంచి చూస్తే ఆ చివర కనిపించకూడదు. అందం కోసం కాదు, కనిపించని చేపని ఇంకో చేప తరమదు.

“మామా, ఈడ ఒక చిన్న సందు ఉంచమను,” అంటోంది మా మేనకోడలు, గాజుకు ముక్కు ఆనించి. “పిల్లలకు.” వేలు మాత్రం దూరే సందులు నాలుగైదు ఆ పిల్ల మాట మీదే వచ్చాయి. చాలా పనికొస్తాయి, చూస్తారుగా.

ఇసుక కడగడం గురించి చెప్పడానికి ఏమీ లేదు, నడుం నొప్పి తప్ప. మూడు సెంటీమీటర్ల మందానికి 50 కిలోలు దాటుతుంది. బకెట్‌లో పైపు పెట్టి, చేత్తో కలిపి, బురదనీళ్లు పారబోసి, మళ్లీ. నీళ్లు తేటగా వచ్చేదాకా.

తొట్టి కింద, స్టాండు లోపల, ఇంకో చిన్న తొట్టి ఉంది. దాన్ని సంప్ అంటారు. పై తొట్టి మూలలో నీళ్లు పొంగి పైపు గుండా కిందికి దిగుతాయి, దూది పొర, స్పాంజి, పింగాణీ రింగుల మీదుగా ప్రవహిస్తాయి, మోటరు మళ్లీ పైకి తోస్తుంది. గంటకి తొట్టెడు నీళ్లు ఆరేడు సార్లు తిరగాలి. ఈ చేపలు బాగా తింటాయి, బాగా పాడుచేస్తాయి. అన్నీ బిగించి నీళ్లు నింపాక బావ ఒక పరీక్ష పెడుతున్నాడు, దగ్గరికి రండి. మోటరు స్విచ్ ఆపాడు. పైనుంచి నీళ్లు ఇంకా దిగుతూనే ఉన్నాయి. సంప్‌లో మట్టం లేస్తోంది. అక్క గుడ్డలు పట్టుకుని సిద్ధంగా ఉంది. పైకి… ఇంకొంచెం… అంచుకి రెండంగుళాలు ఉందనగా ఆగింది. కరెంటు పోయినప్పుడు జరిగేది ఇదే. ఆ రెండంగుళాలు లేకపోతే రాత్రిపూట కరెంటు కోత ఒక్కటి చాలు, హాలంతా నీళ్లు.

ఇక నీళ్ల సంగతి. బోరు నుంచి అప్పుడే పట్టిన గ్లాసులో బావ పరీక్ష చుక్కలు వేశాడు. పీహెచ్ 7 దాటి కొద్దిగా. నిన్న రాత్రి బకెట్‌లో పట్టి గాలిపంపు పెట్టిన నీళ్లలో అవే చుక్కలు వేస్తే నీలం తిరిగింది: 8. ఒకే బోరు, ఒకే చుక్కలు. భూమిలోంచి వచ్చే నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, అది పులుపు. గాలి తగిలి ఎగిరిపోయాక అసలు స్వభావం బయటపడుతుంది. బోరు దగ్గర నిలబడి ఒక్కసారి చుక్కలు వేసి, “మా నీళ్లు పనికిరావు” అని రసాయనాల పొట్లాలు కొనుక్కునే వాళ్లు ఈ ఒక్క రాత్రి ఆగితే చాలు.

మలావీ అంటే చాలా గట్టినీళ్లు అని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. నిజానికి ఆ సరస్సు నీళ్లు క్షారమే గానీ ఖనిజాల్లో మధ్యరకం. పక్కనున్న టాంగన్యికా సరస్సు వీటికంటే బాగా గట్టిది. మన బోరు నీళ్లు చాలాచోట్ల మలావీని మించి ఉప్పదేలి ఉంటాయి. చేపలు ఓర్చుకుంటాయి, కానీ ఓర్చుకోవడమే పెంపకం అనుకోవడం బావకి నచ్చదు. మూడొంతులు బోరు, ఒక వంతు నల్లా నీళ్లు కలుపుతాడు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది గనక యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పవు. ఆ సీసాల్లో చాలావాటిలో ఉండేది ఫొటో స్టూడియోలవాళ్లు ఒకప్పుడు వాడిన హైపోనే.

తొట్టి నిండింది. దీపం వెలిగింది. రాళ్ల మీద తెల్లటి బుడగలు, వెనక నల్లరంగు కాగితం. అందంగా ఉంది, ఖాళీగా ఉంది. చుట్టాలొచ్చి, “చేపలేవి?” అని అడిగిపోతున్నారు. చేపలు రావడానికి ఇంకా వారాలు ఉన్నాయి.

ఇక్కడే చాలామంది ఓడిపోతారు. చేప వదిలేది అమ్మోనియా. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషం, మూడోది కొంతవరకు ఫర్వాలేదు. ఆ బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండవు, రింగుల మీదా స్పాంజి మీదా రాళ్ల మీదా పేరుకుంటాయి, మెల్లగా పెరుగుతాయి. క్షారపు నీళ్లలో తొందరపడితే ఇంకా ప్రమాదం: అమ్మోనియాలో విషంగా ఉండే వాటా 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో ఒక శాతం కూడా ఉండదు, పీహెచ్ 8లో ఐదు శాతం దాటుతుంది. అదే నీళ్లు, అదే మురికి, విషం మాత్రం పదింతలకు దగ్గర. మామూలు గోల్డ్‌ఫిష్ తొట్టిలో చెల్లిపోయే ఆత్రం ఇక్కడ చెల్లదు.

అందుకే బావ చేపలు లేకుండానే బాక్టీరియాకు మేత వేస్తున్నాడు. చూడండి, కాగితం మీద తెల్లటి పొడి, మూడున్నర గ్రాములు. అమ్మోనియం క్లోరైడ్. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు చల్లే నవాసారం ఇదే. బజారు సరుకులో ఇంకేముంటుందో అని ల్యాబ్‌లకు అమ్మే కొట్టులో తెచ్చాడు. దానితోపాటు స్నేహితుడి పాత తొట్టిలోంచి మురికి స్పాంజి ముక్క ఒకటి సంప్‌లోకి. ఆ మురికే విత్తనం.

తర్వాత సాయంత్రాలన్నీ పరీక్షనాళికలే. అమ్మోనియా చుక్కలు వేస్తే ముదురు ఆకుపచ్చ. కొన్నాళ్లు అంతే. ఒకరోజు ఆకుపచ్చ పలచబడుతుంది, నైట్రైట్ గొట్టం ఊదా రంగుకు తిరుగుతుంది. ఇంకొన్నాళ్లకు ఊదా పోయి లేత నీలం, నైట్రేట్ గొట్టంలో ఎరుపు. మేనకోడలు రంగులన్నీ క్యాలెండరు మీద స్కెచ్ పెన్నులతో దిద్దుతోంది. వేసిన పొడి అంతా ఒక్క రోజులో మాయమై, అమ్మోనియా పసుపు, నైట్రైట్ నీలం చూపించిన రోజున బావ ఫోన్ తీశాడు.

చేపలు వచ్చేది మద్రాసు నుంచి. అక్కడి కొళత్తూరులో వీధులకు వీధులు అలంకార చేపల వ్యాపారమే. “మిక్స్ ఆఫ్రికన్” అని కొట్లలో దొరికేవి బావకి అక్కర్లేదు. వాటిలో సగం ఏ తల్లికి ఏ తండ్రికి పుట్టాయో చెప్పలేని సంకరాలు, రంగులు కూడా పిల్లప్పుడు ఒకటి, పెద్దయ్యాక ఇంకొకటి. పేరూ ఊరూ తెలిసిన నాలుగే రకాలు చెప్పాడు. ఎల్లో ల్యాబ్ పది: నిమ్మపండు రంగు, వీపు మీద నల్లని రేఖ, ఎంబూనాలో సాధువులు. ఎసీ పది: ఊదా ఒళ్లు, పసుపు తోకలు, నీళ్ల పై భాగంలో గుంపుగా తిరిగేవి. రస్టీ ఎనిమిది. డెమసోని పదిహేను: వేలెడంత చేప, ముదురు నీలం లేత నీలం పట్టీలు, టాంజానియా ఒడ్డున పోంబో రాళ్ల దగ్గరిది, శాస్త్రీయంగా 1994లోనే నమోదైంది. ఒళ్లంతా పొగరు.

“అన్ని డెమసోనీలు ఎందుకు, నాలుగు చాలవా?” అని అడగండి. నేనూ అడిగాను.

“నాలుగైతే ఒకటి మిగుల్తది,” అన్నాడు బావ.

థర్మోకోల్ డబ్బా తెల్లవారుజామున బస్సులో వచ్చింది. టేపు కోస్తుంటే లోపలి నుంచి చల్లటి, నీచు కలిసిన గాలి. ఆక్సిజన్ నింపిన సంచుల్లో చేపలు రంగు వెలిసి నిలబడి ఉన్నాయి. దీపం ఆర్పేశారు. సంచుల్ని మూతి విప్పకుండా తొట్టిలో తేలేశారు, లోపలా బయటా వేడి ఒకటయ్యేదాకా. కొత్త నీళ్లు చుక్కచుక్కగా గంటలు కలపాలని ఒక పద్ధతి ఉంది. పక్కవీధి కొట్టు నుంచి తెచ్చినవాటికి మంచిదే. రాత్రంతా సంచిలో ప్రయాణించిన వాటికి కాదు. మూతి విప్పగానే లోపలి కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా పెద్దగా హాని చెయ్యని అమ్మోనియా కాస్తా విషమవుతుంది. కాబట్టి విప్పాక ఆలస్యం లేదు. జల్లెడ వలలోకి వంచి, సంచి నీళ్లు బకెట్‌లోకి, చేపలు తొట్టిలోకి. అన్ని రకాలూ ఒకే పూట. ముందొచ్చినవాడికి ఆస్తి దక్కకుండా.

మొదటి రోజు రాళ్లే కనిపిస్తాయి. రెండో రోజు పొద్దున దీపం వేసేసరికి…

కూర్చోండి. కుర్చీ దగ్గరికి జరుపుకోండి.

నడుమ గుట్ట కింది అర దగ్గర ఒక డెమసోని నిలబడి ఉంది. పట్టీలు నల్లబారాయి. పక్క రాయి నుంచి ఇంకొకటి బయలుదేరింది. ఇద్దరికీ మధ్య ఇసుకలో చెయ్యి వెడల్పు ఖాళీ. రెండూ పక్కకి తిరిగి రెక్కలు విప్పుకుని ఒళ్లు వణికించాయి. వెనక్కి తగ్గాయి. మళ్లీ వచ్చాయి. మూతులు పట్టుకున్నాయి, తిప్పుకున్నాయి, వదిలేశాయి. ఎవరి రాయి దగ్గరికి వారు. మన ఊళ్లలో గట్టు తగాదా చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. జానెడు గట్టు కోసం తరాల తరబడి కోర్టులకు తిరిగే అన్నదమ్ములు వీళ్లే. తేడా అల్లా ఇక్కడ సర్వే రాళ్లు బావ పాతాడు. ఏ రాయి ఎక్కడ పెట్టాడో అక్కడే సరిహద్దు పడింది. రెండు చేపలు మరీ కొట్టుకుంటుంటే చేపల్ని కాదు, రాళ్లని మారుస్తాడు. పాత గట్లు చెరిగిపోతాయి, అందరూ మళ్లీ మొదటి నుంచి కొలుచుకోవాలి.

తొట్టి కిక్కిరిసినట్టుంది కదా? కావాలనే. ఎంబూనా కోపం తగ్గదు, పంచాలి. నాలుగింటిలో ఒకడు రాజైతే మిగతా ముగ్గురికీ తప్పించుకునే చోటు ఉండదు. పదిహేనులో తరిమేవాడికి ఎవర్ని తరుముతున్నాడో మధ్యలో గుర్తుండదు. దీనికి మూల్యం కింద సంప్ చెల్లిస్తుంది, వారం వారం నీళ్లు మార్చే చెయ్యి చెల్లిస్తుంది. ఇది ప్రకృతి అని నేను అనను. సరస్సులో ఓడిన చేప ఈదుకుంటూ పోతుంది. ఇక్కడ పోవడానికి 6 అడుగులే. ఆ లోటు తెలిసినవాడే ఈ చేపలు పెంచాలి.

మేత రోజుకి రెండుసార్లు, చిటికెడు చొప్పున. స్పిరులినా పొట్టు, అప్పుడప్పుడు ఉడికించిన పాలకూర. నాచు గీకే చేపల పేగు పొడుగ్గా ఉంటుంది. మాంసం, కొవ్వు ఎక్కువైతే పొట్ట ఉబ్బి చస్తాయి. ఆ జబ్బుకి పెంపకందార్లు పెట్టిన పేరే మలావీ బ్లోట్. చేపలు మాత్రం గాజు దగ్గరికి ఎవరొచ్చినా ఆకలితో అల్లాడినట్టు మీద పడతాయి. నమ్మకండి.

“ఇవి ఏ జాతి చేపలు?” అని అక్క అడిగింది ఒకరోజు, చాట పక్కన పెట్టి.

“మార్కెట్ల తిలాపియా చూస్తవు గదా, దాని చుట్టాలే.” తిలాపియా కూడా సిక్లిడే, పుట్టిల్లు ఆఫ్రికా; 1952లో మన దేశానికి వచ్చి చాలా చెరువుల్ని ఆక్రమించింది.

“అయితే పులుసుకు పనికొస్తయా?”

బావ ఆ తర్వాత రెండు రోజులు తొట్టి మూతకి తాళం వేశాడని అక్క నవ్వుతూ చెబుతుంది.

మే నెల వచ్చింది. బయట 42 డిగ్రీలు. తొట్టి థర్మామీటరు 31 చూపిస్తోంది. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది, చేపలకేమో ఎక్కువ కావాలి. మూత తీసేశారు, చిన్న ఫ్యాన్లు రెండు నీటి మీదికి తిప్పారు. ఆవిరి లేస్తూ వేడిని పట్టుకుపోతుంది, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ ఆవిరయ్యేది ఉత్త నీరు. ఉప్పులు తొట్టిలోనే మిగిలిపోతాయి. అందుకే తరిగినంత మేర బోరు నీళ్లు కాదు, వంటింటి ఆర్‌వో నీళ్లు పోస్తున్నారు. ఇన్వర్టరు మీద ఒక గాలిపంపు వేరుగా. వారానికి మూడోవంతు నీళ్లు మార్చే పని మాత్రం పొద్దున ఆరింటికే అయిపోవాలి. పదకొండింటికి మేడమీది సింటెక్స్ ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేంత వేడి. తీసిన నీళ్లు పైపు గుండా పెరట్లోకి, కరివేపాకు మొదట్లోకి పోతున్నాయి. నైట్రేటు అంటే ఎరువే గదా, చెట్టు నల్లగా నిగనిగలాడుతోంది.

ఆ వేసవిలోనే మేనకోడలు కనిపెట్టింది. ఒక ఎల్లో ల్యాబ్ మేతకు రావడం లేదు. గుట్ట వెనక నిలబడి నోరు కదుపుతోంది, గొంతు కింద సంచి వేలాడుతోంది. గుడ్లు. ఆడది గుడ్డు పెట్టిన వెంటనే నోట్లోకి తీసుకుంటుంది. మగవాడి కింది రెక్క మీద గుడ్లంత పసుపు చుక్కలుంటాయి. వాటి దగ్గరికి నోరు తెచ్చినప్పుడే మగవాడు వీర్యం వదులుతాడు, గుడ్లు ఫలదీకరణం చెందేది నోట్లోనే. తర్వాత మూడు వారాలకు పైగా తల్లి దాదాపు పస్తు. లోపల గుడ్లని తిప్పుతూ ఉంటుంది, ఆ కదలికే మనకు కనిపించే నమలడం.

పిల్లల్ని ఎక్కువ దక్కించుకోవాలంటే తల్లిని పట్టుకుని నోరు తెరిచి పిల్లల్ని రాబట్టి వేరే తొట్టిలో పెంచుతారు. వ్యాపారానికి అదే దారి. బావ ముట్టుకోలేదు. తల్లి తనే ఒక రాత్రి ఎక్కడో వదిలింది. ఎన్ని వదిలిందో, ఎన్ని మిగతావాటి కడుపులోకి పోయాయో తెలియదు. వేలు మాత్రమే దూరే ఆ సందుల్లో, కడప ముక్కల మధ్య, కొన్నాళ్లకు పసుపు చుక్కలు కదిలాయి. డెమసోని మూతి పెట్టి చూసి, పట్టక వెళ్లిపోయింది. మేనకోడలు ఆ పూటంతా కుర్చీ దిగలేదు.

వానలు పడేనాటికి పిల్లలు అరలోంచి బయటికొచ్చి మేతకు పోటీ పడుతున్నాయి. పక్కింటి పిల్లవాడు రోజూ బడి నుంచి వస్తూ ఆగి చూసి పోతున్నాడు. ఇవాళ ధైర్యం చేసి అడిగాడు.

“అంకుల్, నాకు రెండు పసుపు చేపపిల్లలు ఇస్తరా? మా ఇంట్ల గాజు బౌల్ ఉన్నది.”

“బౌల్‌ల ఇవి ఉండయి బిడ్డా. నాలుగడుగుల తొట్టి కావాలె. మీ నాన్నను ఒకసారి రమ్మను.”

“నాన్న ఒప్పుకుంటడు అంకుల్. అప్పుడిస్తరా?”

బావ తొట్టి మూత దించి, చేతులు తుడుచుకున్నాడు. “ముందుగాల మీ బోరు నీళ్లు ఒక సీసాల పట్టుకరా, చూద్దాం.”

“ఇప్పుడే తెస్త.”

“ఇప్పుడు కాదు. పట్టినంక రాత్రంత మూత తీసి పెట్టు. రేపు తే.”